అధికారపత్రము చేతికి వచ్చిన పిదప

వృద్ధాప్యమున శరీరము కంటె ముందుగా జ్ఞాపకశక్తి సడలిన వారి గతి యేమి? ఇల్లు వారిదే, బ్యాంకులోని సొమ్ము వారిదే. కాని తెలిసి సంతకము చేయు శక్తి మాత్రము మిగులదు. ఈ సంకటమునకు ఇంగ్లండు, వేల్సు దేశములలో ఏర్పడిన ఉపాయమే ‘లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ’. 2005 నాటి మానసిక సామర్థ్య చట్టము దీనికి ఆధారము. ఆ విధానము 2007 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది.

తెలుగునాట కచ్చేరీలలో ముక్త్యారునామా యనబడు పత్రమునకు ఇది దూరపు చుట్టము. భేదము మాత్రము గొప్పది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, 201వ సెక్షను ననుసరించి, యజమానికి మతి చలించినచో ప్రతినిధి యధికారము అంతరించును. అక్కడి పత్రమో, సరిగా ఆ దశయందే అక్కరకు వచ్చును. ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఈ భేదమును మరువరాదు.

ఈ పత్రము రెండు విధములు: ఆస్తి, ఆర్థిక వ్యవహారములకు ఒకటి, ఆరోగ్య, సంక్షేమములకు మరియొకటి. రెంటిని పబ్లిక్ గార్డియన్ కార్యాలయమున రిజిస్టరు చేయింపవలెను. రిజిస్టరు అయినంతనే పని ముగిసినదని పలువురు తలంతురు. నిజమునకు పని అక్కడనే మొదలగును.

మొట్టమొదట మూలపత్రమును భద్రపరచి, అది యెచ్చట నున్నదో ప్రతినిధులకు తెలుపవలెను. పిదప ధ్రువీకృత నకళ్లు సిద్ధపరచుకొనవలెను. పత్రమిచ్చిన వ్యక్తికి తెలివి నిలిచియున్నంతవరకు తానే ప్రతి పుటపైన ధ్రువీకరించి సంతకము చేయవచ్చును; లేదా న్యాయవాదిచేత చేయింపవచ్చును. ఆర్థిక పత్రమును బ్యాంకులకు, పింఛను సంస్థలకు ముందుగనే చూపియుంచుట మేలు. ఆపద వచ్చిన దినమున పరుగులెత్తుట కంటె ఇది సుఖము.

ఆర్థిక పత్రమును, అందు నిషేధము లేనిచో, ఇచ్చినవారి సమ్మతితో వెంటనే వాడవచ్చును. ఆరోగ్య పత్రము అట్లు కాదు. వారికి స్వయముగా నిర్ణయించు శక్తి పోయిన పిమ్మటనే అది పనిచేయును. ప్రాణము నిలుపు చికిత్సను గూర్చి ప్రతినిధి నిర్ణయింపవలెనన్న, ఆ యధికారము పత్రమున స్పష్టముగా నుండవలెను.

ఇక ధర్మము మాట. ఒక విశ్రాంత ఉపాధ్యాయిని తన పింఛనులో అధికభాగము పేదపిల్లల పుస్తకములకు వ్యయించుచున్న దనుకొనుడు. అది దుబారా యని కుమారునికి తోచవచ్చును. అంతమాత్రమున ఆమెకు తెలివి తప్పినదనుటకు వీలులేదు. అవివేకమని యితరులకు తోచిన నిర్ణయము అసమర్థతకు నిదర్శనము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. ప్రతివారు సమర్థులే యని మొదట భావింపవలెను. నిర్ణయించుకొనుటకు చేతనైన సాయమెల్ల చేయవలెను. అది ఫలింపనప్పుడే వారి మేలుకొరకు, వారి స్వేచ్ఛకు వీలైనంత తక్కువ భంగము కలుగునట్లు, ప్రతినిధి నిర్ణయము చేయవలెను.

ప్రతినిధి తన సొమ్మును, వారి సొమ్మును కలుపరాదు. లెక్కలు వ్రాసి రసీదులు దాచవలెను. పండుగలకు, పెండ్లిండ్లకు ఆచారమును బట్టి బంధుమిత్రులకు తగుమాత్రము కానుక లీయవచ్చును. అంతకు మించిన దానములకు కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనుమతి కావలెను. చిరునామా మారినను, ప్రతినిధి మరణించినను, పబ్లిక్ గార్డియనుకు తెలుపవలెను. తెలివి యున్నంతకాలము ఇచ్చినవారు పత్రమును రద్దు చేసికొనవచ్చును. వారు మరణించినంతనే ఈ యధికారము ముగియును. పిదప వ్యవహారము వీలునామాలోని కార్యనిర్వాహకులది.

ఒకరి ధనమును, దేహమును మరియొకరి చేతిలో నుంచునట్టి పత్రమిది. ముద్ర వేయుట కార్యాలయపు పని. ఆ నమ్మకమును నిలుపుట మాత్రము ప్రతినిధి పని.