ర్యూజో (విమానవాహక నౌక)

ర్యూజో జపాను సామ్రాజ్య నౌకాదళానికి చెందిన ఒక చిన్న విమానవాహక నౌక. ఇది 1933లో సేవలోకి ప్రవేశించి, 1942 ఆగస్టు 24న పసిఫిక్ మహాసముద్రంలో మునిగిపోయింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విశాఖపట్నం మరియు కాకినాడలపై బాంబులు వేసిన విమానాలు ఈ నౌక నుండి బయలుదేరినవే. ఆ కారణంగా తెలుగువారి చరిత్రతో దీనికి ప్రత్యక్ష సంబంధం ఉన్నది. ప్లాస్టిక్ ఓడ నమూనాలు తయారుచేసేవారికి కూడా ఇది సుపరిచితమైన నౌక.

జపాను భాషలో "ర్యూ" అనగా డ్రాగన్, "జో" అనగా ఎగసి దూకడం.

నేపథ్యం

1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం ఒక్కొక్క దేశం నిర్మించుకోదగిన విమానవాహక నౌకల మొత్తం బరువుపై పరిమితి విధించింది. అయితే 10,000 టన్నులకు లోబడిన నౌకలు ఈ లెక్కలోకి రావు. ఈ వెసులుబాటును వాడుకొనుటకై జపాను 8,000 టన్నుల చిన్న నౌకను తలపెట్టింది. 1929 నవంబరు 26న యోకోహామాలోని మిత్సుబిషి నౌకా నిర్మాణశాలలో పని ప్రారంభమైంది. పని జరుగుతుండగానే 1930లో లండన్ ఒప్పందం ఆ వెసులుబాటును తొలగించింది. అంటే, ఏ కారణంగా ఈ ఓడను ఇంత చిన్నదిగా కట్టారో ఆ కారణం ఓడ నీటిలోకి దిగకముందే లేకుండా పోయింది.

నిర్మాణం

మొదట అనుకున్న ఒక్క విమానశాలలో పట్టే విమానాలు చాలవని భావించి, దానిపై రెండవ విమానశాలను చేర్చారు. దీనితో 48 విమానాలకు చోటు దొరికింది కాని బరువు 10,000 టన్నులు దాటిపోయింది. సన్నని పొట్టపై ఎత్తైన పెట్టెను నిలిపినట్లుగా ఓడ తయారైంది. ఓడ పొడవు సుమారు 180 మీటర్లు, వేగం 29 నాట్లు. విమానాలు ఎగిరే పైతలం పొడవు 156.5 మీటర్లు మాత్రమే. ఈ తలం ఓడ అణియం (ముందు కొస) వరకు పోకుండా చాలా వెనుకనే ఆగిపోతుంది. నౌకను నడిపే గది తలంపైన గాక, తలం ముందు అంచు క్రింద, వరుస కిటికీలతో ఉంటుంది. పొగగొట్టాలు కుడిప్రక్కన బయటకు పొడుచుకువచ్చి క్రిందికి వంగి ఉంటాయి.

1931 ఏప్రిల్ 2న జలప్రవేశం చేసిన ఈ నౌకకు యోకోసుకా నౌకాదళ కర్మాగారంలో తుదిమెరుగులు దిద్దారు. 1933 మే నెలలో ఇది నౌకాదళంలో చేరింది. విశాఖపట్నం రేవు ప్రారంభమైన సంవత్సరం కూడా అదే.

పైభారం ఎక్కువైన ఓడలకు ఏమి జరుగునో జపానువారికి త్వరలోనే తెలిసివచ్చింది. 1934 మార్చిలో తోమోజురు అనే టార్పెడో పడవ తుఫానులో తలక్రిందులైంది. వెంటనే ర్యూజోను మరమ్మత్తుకు పంపి, ఆరు జంట ఫిరంగులలో రెండింటిని తొలగించి, సమతూకాన్ని సరిచేశారు. 1935 సెప్టెంబరులో వచ్చిన మరొక పెనుతుఫానులో కెరటాలు ముందుభాగాన్ని దెబ్బతీసి, విమానశాలలోకి నీరు చేరింది. అప్పుడు అణియాన్ని ఒక అంతస్తు ఎత్తు పెంచారు. ఈ మార్పులు 1936లో పూర్తయ్యాయి.

బంగాళాఖాతంలో

1942 ఏప్రిల్‌లో జపాను రెండు వేర్వేరు నౌకాబృందాలను హిందూ మహాసముద్రానికి పంపింది. నగుమో నాయకత్వంలోని ఐదు పెద్ద విమానవాహక నౌకలు సింహళంపై దాడిచేశాయి (ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ). ఒజావా నాయకత్వంలోని రెండవ బృందం వర్తక నౌకలను వేటాడుటకై బంగాళాఖాతంలోకి వచ్చింది. అందులోని ఏకైక విమానవాహక నౌక ర్యూజో. ఈ రెండు బృందాలను ఒకటిగా భావించి, పెరల్ హార్బరుపై దాడిచేసిన నౌకలే విశాఖకు కూడా వచ్చాయని కొందరు చెప్పడం కద్దు. అది సరికాదు.

ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. జరిగిన నష్టం స్వల్పమే కాని భయాందోళనలు మిక్కుటమయ్యాయి. ప్రజలు పట్టణాలు వదలి లోతట్టు గ్రామాలకు తరలిపోయారు. ఈ కలవరం మద్రాసు నగరానికి కూడా ప్రాకింది. తీరానికి తెలిసినది రెండు రేవులపై పడిన బాంబులే అయినా, సముద్రంపై జరిగిన నష్టం అంతకంటే చాలా పెద్దది. కొద్దిరోజులలో ఒజావా బృందం 23 వర్తక నౌకలను ముంచివేసింది. నాటి దాడిలో పేలకుండా మిగిలిన ఒక బాంబును విశాఖ మ్యూజియంలో ప్రదర్శించారు.

అలూషియన్ దీవులు

జూన్ 1942లో ర్యూజో అలాస్కాకు చెందిన డచ్ హార్బరుపై దాడిలో పాల్గొంది. జూన్ 4న దాని జీరో యుద్ధవిమానాలలో ఒకటి చమురు గొట్టానికి దెబ్బతగిలి అకుతాన్ దీవిలో దిగవలసివచ్చింది. పచ్చికగా కనిపించిన నేల నిజానికి బురద. విమానం తలక్రిందులై, చోదకుడు తడయోషి కోగా మరణించాడు. శత్రువుకు చిక్కకుండా విమానాన్ని ధ్వంసం చేయవలసిన సహచరులు, కోగా బ్రతికి ఉన్నాడేమోనన్న సంశయంతో కాల్చలేదు. జూలైలో అమెరికన్లు దానిని కనుగొని, బాగుచేసి, సెప్టెంబరులో శాన్ డియాగోలో ఎగురవేసి, దాని లోపాలను తెలుసుకున్నారు. దీనిని చూసే హెల్‌క్యాట్ విమానాన్ని రూపొందించారనే కథనం ఉంది కాని, కోగా విమానం దొరకకముందే, జూన్ 26ననే హెల్‌క్యాట్ మొదటిసారి ఎగిరింది.

ముగింపు

1942 ఆగస్టు 24న, తూర్పు సోలమన్ దీవుల యుద్ధంలో, గ్వాడల్‌కెనాల్‌లోని హెండర్సన్ విమానాశ్రయంపై దాడికి ర్యూజోను విడిగా పంపారు. అది 6 బాంబరులను, 15 జీరోలను పంపిన తరువాత, అమెరికా నౌక సారటోగా విమానాలు దానిపై విరుచుకుపడ్డాయి. బాంబులు, టార్పెడో తగిలి ఓడ ప్రక్కకు ఒరిగి, ఆ సాయంత్రం మునిగిపోయింది. సుమారు 120 మంది మరణించారు. దాడినుండి తిరిగివచ్చిన విమానాలకు దిగుటకు తలం లేక, కొన్ని నీటిపైనే దిగవలసివచ్చింది.

నమూనాలు

1971లో జపానులోని షిజువోకాకు చెందిన నాలుగు సంస్థలు (తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి) కలసి 1:700 నిష్పత్తిలో "వాటర్‌లైన్" శ్రేణిని ప్రారంభించాయి. వీటిలో నీటిమట్టానికి పైనున్న భాగం మాత్రమే ఉంటుంది. బల్లపై పెడితే ఓడ సముద్రంపై ఉన్నట్లే కనిపిస్తుంది. ఫుజిమి 1992లో ఈ కూటమినుండి వైదొలగింది. ర్యూజో నమూనాలు కూడా 1:700 నిష్పత్తిలో లభిస్తాయి. ఈ నిష్పత్తిలో ఓడ పొడవు సుమారు 25.7 సెంటీమీటర్లు. జీరో విమానం రెక్కల వెడల్పు 1.7 సెంటీమీటర్లు మాత్రమే.

ర్యూజో నమూనా చేసేవారు మొదట తేల్చుకోవలసినది ఏ సంవత్సరపు ఓడ అన్నది. 1933 నాటి ఓడకు ఆరు జంట ఫిరంగులు, తక్కువ ఎత్తు అణియం ఉండాలి. యుద్ధకాలపు ఓడకు నాలుగు ఫిరంగులు, ఎత్తైన అణియం ఉండాలి. రెండింటినీ కలిపితే ఎన్నడూ లేని ఓడ తయారవుతుంది.

విమానాల విషయంలో పొరపాటు మరింత సులభం. పెట్టెలో ఉన్నవి కదా అని చాలామంది జీరోలను అతికిస్తారు. కాని బంగాళాఖాతానికి వచ్చినప్పుడు ర్యూజోపై ఉన్న యుద్ధవిమానాలు మిత్సుబిషి ఎ5ఎం రకానివి. వీటి చక్రాలు లోనికి ముడుచుకోవు. జీరోలు ఆ యాత్రనుండి ఓడ తిరిగి వెళ్ళిన తరువాతనే వచ్చాయి. కనుక విశాఖపై దాడినాటి ఓడను చూపదలచినవారు ఎ5ఎంలను, వాటితోపాటు నకజిమా బి5ఎన్ బాంబరులను మాత్రమే పైతలంపై ఉంచవలెను. బి5ఎన్ రెక్కల వెడల్పు ఈ నిష్పత్తిలో 2.2 సెంటీమీటర్లు. వాటిని బారులుగా పేర్చి చూస్తే, 22 సెంటీమీటర్ల తలంపై పరుగుకు ఎంత తక్కువ చోటు మిగులుతుందో అర్థమవుతుంది.

జపాను నౌకాదళపు బూడిదరంగు అన్ని కర్మాగారాలలో ఒకేలా ఉండేది కాదు. అందువలన రంగుల తయారీదారులు కురే, ససెబో వంటి కర్మాగారాల పేర్లతోనే రంగులను అమ్ముతారు. రేడియో స్తంభాలు, అంచు కమ్మీలు మొదలైన వాటికి ప్లాస్టిక్ మందంగా ఉంటుంది కాబట్టి, ఆమ్లంతో చెక్కిన పలుచని ఇత్తడి రేకు భాగాలు వాడుతారు. ప్రక్కలనున్న ఈ స్తంభాలు మడత బందులతో అమర్చినవి. విమానాలు ఎగిరే సమయంలో వాటిని బయటకు అడ్డంగా వాల్చేవారు. తలంపై విమానాలు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నట్లు చూపితే, స్తంభాలను నిలువుగా అతికించరాదు.