పులి కనపడకుంటే అడవి చూసినట్టు కాదా?



ఈసారి విహారయాత్ర ఫర్హాబాద్ అడవికి అని తెలిసిన కాడి నుండి మెస్సులో, నల్లా దగ్గర, స్టడీ అవర్‌లో ఒకటే ప్రశ్న. "పులి కనపడుతదా?" సూటిగా చెప్తున్నాను, చాలామటుకు కనపడదు. పోయినసారి పోయివచ్చిన అన్నలు "ఏం లేదురా, చెట్లే ఉన్నయి" అన్నరు. అడవికి పోయి చెట్లే చూసి వచ్చినమంటే తప్పు అడవిది కాదు. చూసే పద్ధతి వేరే ఉన్నది. ఆ పద్ధతి ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

మన మనసులో అడవి అంటే టీవీలో చూసిన ఆఫ్రికా. అక్కడి సవన్నా అంటే నిజానికి గడ్డి మైదానం. అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు, మధ్యలో కంటికి ఆనినంత దూరం గడ్డి. టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మసాయి మారా మైదానాల మధ్య పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు (ఆవు మొఖం ఉండే ఒక రకం పెద్ద జింకలు) ఏటా పచ్చిక కోసం తిరుగుతుంటాయి. కెన్యా రాజధాని నైరోబీకి ఆనుకొనే 117 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు ఉంది. 1946లో పెట్టినారు. పొద్దున పోయి సాయంత్రానికి వాపసు రావచ్చు. సింహం పండుకొని ఉంటే దాని వెనక పట్నం బిల్డింగులు కనపడతాయి. జీపు ఎక్కి కండ్లు తెరిచి కూర్చుంటే చాలు, జిరాఫీ, జీబ్రా, సింహం అన్నీ కనపడతయి. ఒక్క పులి తప్ప! ఆఫ్రికా అడవుల్లో పులి లేనే లేదు. ఈ మాట మీద మా రూంలో పందెం కూడా అయింది.

మన నల్లమల అట్ల కాదు. ఇది ఎండకాలం ఆకు రాల్చే అడవి. తిరుమాను, నల్లమద్ది, టేకు, ఇప్ప, తునికి, వాటి నడుమ బొంగు పొదలు. గుట్టలు, లోయలు. వానల తర్వాత ముప్పై అడుగుల అవతల ఏమున్నదో తెల్వదు. పులి చారలు ఎండు గడ్డిలో, బొంగుల నీడలో కలిసిపోతాయి. పైగా అది ఎక్కువగా తిరిగేది రాత్రిపూట. ఇక లెక్క చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2611 చదరపు కిలోమీటర్లు. అందులో పులులు పదుల సంఖ్యలోనే ఉన్నాయి. ఒక పులి బతకడానికి ఏడాదికి సుమారు 50 దుప్పులంత మాంసం కావాలి. అందుకే ఒక్కోదానికి అంతంత జాగ కావాలి. ఎక్కువ పులులు ఒక్కదగ్గర ఉండలేవు.

ఈ అభయారణ్యం సంగతి కొంచెం. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయ్యింది. చాలా మంది అది మహబూబ్‌నగర్ అడవి అనుకుంటరు (ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా). మన నల్గొండ జిల్లా దేవరకొండ దిక్కు అడవి కూడా అందులోనే ఉంది. అంటే మనం పోయేది పరాయి చోటుకేమీ కాదు.

సరే, కండ్లకు కనపడని అడవిని ఎట్ల చూడాలె? ముందు చెవులతో.

అడవిలో కాపలా కాసేది కొండముచ్చు. అది చెట్టు పైన ఉంటుంది, దూరం చూస్తుంది. దాని కింద చుక్కల దుప్పుల మంద మేస్తుంటుంది. కొండముచ్చు సగం తిని పారేసిన ఆకులు, పండ్లు దుప్పులకు తిండి. దుప్పులకు వాసన పసిగట్టే ముక్కు ఉంది, కొండముచ్చుకు ఎత్తు మీద నుండి చూసే కండ్లు ఉన్నాయి. ఇద్దరిదీ మంచి దోస్తీ. పులి గాని చిరుత గాని కనపడితే కొండముచ్చు గట్టిగా దగ్గినట్టు "ఖక్ ఖక్" అంటుంది. దుప్పి సన్నగా, పదునుగా కూత పెడుతుంది. అయితే ఈ రెండూ ఒక్కోసారి ఉత్తుత్తికి కూడా బెదురుతయి. కణుజు అట్ల కాదు. (పుస్తకాల్లో సాంబరు అని రాసేది దీన్నే.) అది "పోంక్!" అని బూర ఊదినట్టు అరిచి, ముందుకాలు నేలకేసి కొట్టిందంటే ఖాయంగా ఏదో ఉన్నట్టే. గైడు జీపు ఆపి, ఇంజను బంద్ చేయించేది ఈ కూతలు వినడానికే. అప్పుడు మనోళ్లు "ఏందన్నా, ఎందుకాపినవ్?" అని లొల్లి పెడితే ఇక విన్నట్టే! జీపులో అంత్యాక్షరి పాడాలనుకునేటోళ్లు దయచేసి బస్సులోనే పాడుకోండి.

తర్వాత నేల. దారి పక్కన మెత్తటి దుమ్ములో రాత్రి నడిచిన ప్రతి జంతువు సంతకం ఉంటుంది. కుక్క జాడలో గోర్ల గుర్తులు పడతాయి. రేసుకుక్కదీ అంతే. పులి, చిరుత నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి గోరు గుర్తు ఉండదు, నాలుగు వేళ్లు, వెనక మెత్త మాత్రమే పడతాయి. చిరుతది చిన్నది, పులిది పెద్దది. మగపులి జాడ ఇంచుమించు చదరంగా, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటుంది. వెనుక ఈ జాడలను బట్టే పులులను లెక్కపెట్టేవారు. దానిలో తప్పులు వస్తున్నాయని, ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి ఫోటోలు తీస్తున్నారు. మన వేలిముద్రల లెక్కనే ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద 3,682 పులులు ఉన్నట్టు అంచనా వేశారు.

ఎలుగుబంటి జాడ చూస్తే మనిషి వట్టికాళ్లతో నడిచినట్టే ఉంటుంది, ముందు మాత్రం పొడుగు గోర్ల గీతలు. పుట్ట తవ్వి ఉన్నదంటే అది ఎలుగు పనే. దానికి పైదవడలో నడిమి రెండు పండ్లు ఉండవు. ఆ సందులో నుండి చెదలను పీల్చి మింగుతుంది. ఇప్పపూలు రాలే కాలంలో, పొద్దున పొద్దున, చెట్టు కింద దానికి ఎదురుపడకూడదు. పులి మనిషిని చూస్తే మామూలుగా తప్పుకుంటుంది, ఎలుగు బెదిరి మీద పడుతుంది. అడవిల ఉండేటోళ్లు పులి కంటె దీనికే ఎక్కువ భయపడుతరు.

కొమ్ముల సంగతి పరీక్షల్లో కూడా వస్తది, గుర్తు పెట్టుకోండి. దుప్పికి, కణుజుకు కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. వాటికి కొమ్మలు ఉంటాయి. మనుబోతు, కృష్ణజింక, కొండగొర్రెల కొమ్ములు రాలవు. వీటిలో కొండగొర్రెకు, అంటే పోతుకు, నాలుగు కొమ్ములు! అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ఇదొక్కటే, అదీ ఇండియాలో, నేపాల్‌లో మాత్రమే.

ఇప్పుడు వార్డెన్ సార్‌కు ఒక మనవి. జంతువులు బయట తిరిగేది తెల్లారి, మళ్లీ పొద్దుగూకే ముందు. మధ్యాహ్నం నీడకు పండుకుంటాయి. మర్రిగూడ నుండి దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరుకు బస్సులో సుమారు మూడు గంటలు. టిఫిన్ తిని ఎనిమిదింటికి బయల్దేరితే మనం చేరేసరికి అడవి నిద్రపోతది. నాలుగింటికే లేపండి సార్, పులిహోర కట్టించుకొని పోతం. ఇంకొకటి, వానకాలంలో జూలై నుండి సెప్టెంబరు దాకా సఫారీ బంద్ ఉంటుంది. చలికాలం అందంగా ఉంటుంది గాని, జంతువులు కనపడేది ఎండకాలమే. ఆకు రాలి చూపు దూరం పోతుంది, నీళ్ల కోసం అవే వస్తాయి. అటవీశాఖ వాళ్లు సాసర్ ఆకారంలో తొట్లు కట్టి నీళ్లు నింపుతారు.

శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుండి పొద్దున ఆరు వరకు అడవి లోపల బండ్లను పోనివ్వరు. రాత్రి జంతువులు రోడ్డు దాటుతాయి కాబట్టి. దారిలో కోతులకు బిస్కెట్లు వేయకండి. తిండి కోసం అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

ఫర్హాబాద్‌లో నిజాం కాలపు వేట బంగళా శిథిలాలు ఉన్నాయి. వ్యూ పాయింట్ మీద నుండి కింద మైదానం అంతా కనపడుతుంది. అక్కడ ఫోటో ఎట్లాగూ దిగుతరు, దాని గురించి చెప్పేదేం లేదు.

చెప్పవలసింది చెంచుల గురించి. జీపులో మన ముందు కూర్చొని "ఆగు, కణుజు కూసింది" అని చెప్పే గైడు చాలాసార్లు చెంచు యువకుడే. అప్పాపూర్, రాంపూర్, బౌరాపూర్ లాంటి పెంటలు అడవి లోపలే ఉన్నాయి. "పెంట" అనంగనే మన హాస్టల్లో కొందరు నవ్వుతరు. చెంచుల మాటలో పెంట అంటే ఊరు, గూడెం. నవ్వేటిది ఏమీ లేదు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు ఈ అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకమే వేసినాడు. కొండ అంచున తాడు మీద వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే. చెల్లెనో అక్కనో ఇచ్చినోడు గదా, తాడు వదలడని నమ్మకం!

ఇప్పుడు ఆ పెంటలను అడవి బయటికి తరలించే మాట నడుస్తున్నది. బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ. కొందరికి బడి, దవాఖాన, రోడ్డు దగ్గరవుతాయని ఇష్టం. కొందరికి తాతల జాగ వదలడం ఇష్టం లేదు. వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం వాళ్ల ఇష్టం, గ్రామసభ ఒప్పుకోలు రెండూ లేకుండా కదిలించకూడదు. ఆఫ్రికాలో కూడా ఇదే కథ జరిగింది. సెరెంగెటి నేషనల్ పార్కు కోసం 1959లో పశువులు కాచుకునే మసాయి వాళ్లను అక్కడి నుండి పక్కనున్న గోరొంగోరోకు పంపించారు. టీవీలో సెరెంగెటి చూపించేటప్పుడు ఈ సంగతి చెప్పరు. పులికి జాగ కావాలన్నది నిజమే. ఐతే పులి జాడ చదివేటోళ్లు అడవిలో లేకుండా పోతే ఆ చదువు ఎవరికి వస్తది? నాకైతే జవాబు తెల్వదు. మన హాస్టల్లోనే పెంటల నుండి వచ్చిన తమ్ముళ్లు ఉన్నరు. వాళ్ల ఇంట్లో ఏమనుకుంటున్నరో అడగండి, చెప్తరు.

యాత్రకు వచ్చేటోళ్లు స్కేలు, పెన్సిలు, తెల్లకాగితం తెచ్చుకోండి. ఎర్ర, పసుప్పచ్చ అంగీలు వద్దు, మట్టిరంగువి ఏవైనా సరే. కనపడిన ప్రతి జాడ పొడుగు, వెడల్పు కొలిచి బొమ్మ గీయండి. మంచి బొమ్మలు వచ్చే నెల ఇదే గోడ మీద, ఈ వ్యాసం పక్కన అంటిద్దాం.