వేదికంటే భయం... ఇప్పుడు టీచర్!

హంతకుడెవరో చివరిదాకా చెప్పకుండా ఊరించే అగాథా క్రిస్టీకి నలుగురిలో మాట్లాడాలంటే మహా బెరుకు. లండన్‌లోని డిటెక్షన్ క్లబ్ అధ్యక్షురాలిగా ఉండమంటే, ఉపన్యాసాలు ఇవ్వనంటూ షరతు పెట్టింది. ఆ పని కోసం మరొకర్ని సహాధ్యక్షుడిగా పెట్టుకోవాల్సి వచ్చింది!

ఆమెకు పాత వస్తువులంటే ప్రాణం. భర్త మాక్స్ మలోవన్ పురావస్తు శాస్త్రవేత్త. 1950 ప్రాంతాల్లో ఆయనతో ఇరాక్‌లోని నిమ్రుద్ తవ్వకాలకు వెళ్లి, రెండున్నరవేల ఏళ్లు దాటిన దంతపు బొమ్మలకు పట్టిన మట్టిని సన్నటి అల్లికసూదితో, ముఖానికి రాసుకునే క్రీముతో ఓపిగ్గా తీసేది. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, డార్ట్ నది ఒడ్డున 1938లో కొన్న గ్రీన్‌వే ఇంట్లోనూ పింగాణీ, వెండి సామాన్లు కొలువుదీరాయి. 2009 నుంచి ఆ ఇంటిని సందర్శకులూ చూడొచ్చు.

సొంతూరు టార్కీలో ఆమె పేరిట సాహిత్యోత్సవాలూ జరుగుతుంటాయి. అసలు విశేషం 2025లో జరిగింది. బీబీసీ మాస్ట్రో సంస్థ ఓ నటి అభినయానికి కృత్రిమ మేధతో క్రిస్టీ ముఖాన్ని, గొంతును జోడించి రచనా పాఠాలు చెప్పించింది. చెప్పే మాటలు ఆమె రాతల్లోవే. వారసులూ సరేనన్నారు. మరి 1976లో కన్నుమూసిన ఆమెనే అడిగితే ఒప్పుకునేదా? పాయిరో కూడా తేల్చలేని కేసే ఇది!