లైసెన్సు నీడన అడవి పక్షులు

వేటకాలంలో వేటపక్షుల వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, బ్రిటన్‌లో ఏ అడవి పక్షినైనా చంపడం, దాని గుడ్లు తీయడం నేరం. 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం మొదటి సెక్షన్ సారాంశమిది. అయితే అదే చట్టపు పదహారో సెక్షన్ ఆ నిషేధాన్ని లైసెన్సు ద్వారా సడలించవచ్చంటుంది. పంటల రక్షణ, ప్రజారోగ్యం, ఇతర వన్యప్రాణుల పరిరక్షణ వంటి కారణం ఉండాలి. మరో సంతృప్తికరమైన మార్గం లేదని లైసెన్సు ఇచ్చే సంస్థకు నమ్మకం కుదరాలి.

లైసెన్సు అనగానే దరఖాస్తు, రుసుము, పేరు నమోదు గుర్తుకొస్తాయి. ‘సాధారణ లైసెన్సు’కు ఇవేవీ లేవు. అది కేవలం ఒక ప్రకటన. షరతులకు లోబడి భూయజమానిగానీ, అతని అనుమతి ఉన్నవారుగానీ దాని కింద కాకిని కాల్చవచ్చు. ఎన్నింటిని కాల్చిందీ చెప్పనక్కరలేదు. కాబట్టి ఏటా ఎన్ని పక్షులు చస్తున్నాయో లైసెన్సు ఇచ్చినవారికే తెలియని విచిత్ర స్థితి ఏర్పడింది.

2019లో క్రిస్ ప్యాకమ్, మార్క్ ఏవరీ, రూత్ టింగే స్థాపించిన ‘వైల్డ్ జస్టిస్’ సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకుంది. వేరే మార్గం లేదని తేల్చుకోవలసిన బాధ్యత నేచురల్ ఇంగ్లండ్‌దైతే, దానిని తుపాకీ పట్టినవాడికే వదిలేశారన్నది దాని వాదన. ఆ వాదనలోని బలాన్ని అంగీకరించి, పదహారు జాతులకు వర్తించే మూడు లైసెన్సులను నేచురల్ ఇంగ్లండ్ ఏప్రిల్ 25న రద్దుచేసింది. అది గొర్రెలు ఈనే కాలం. అప్పుడే పుట్టిన పిల్లల కళ్ళు కాకులు పొడుస్తాయన్న రైతుల భయం కల్పన కాదు. ఆగ్రహం హద్దులు దాటి, ప్యాకమ్ ఇంటి గేటుకు చచ్చిన కాకులను ఎవరో వేలాడదీశారు. మంత్రి మైకేల్ గోవ్ ఆ అధికారాన్ని తన శాఖకు తీసుకోగా, జూన్‌లో కొత్త లైసెన్సులు వచ్చాయి. లెక్క చెప్పే బాధ్యత మాత్రం వాటిలోనూ రాలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

స్కాట్లాండ్‌లో కథ తలకిందులు. అక్కడ ఉపగ్రహ ట్యాగులు కట్టిన 131 గోల్డెన్ ఈగిల్ పక్షుల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని 2017 నివేదిక తేల్చింది. గ్రౌజ్ వేట భూముల దగ్గరే ఎక్కువగా అలా జరిగింది. అందుకని 2024 చట్టం గ్రౌజ్ వేటకే లైసెన్సు తప్పనిసరి చేసింది. క్రిమినల్ కోర్టులో దోషం రుజువు కాకపోయినా దానిని నిలిపివేయవచ్చు. ఆ బెదిరింపులోనే దాని బలమంతా ఉంది. కానీ అదే ఏడాది నవంబరులో లైసెన్సు పరిధిని ఎస్టేటు మొత్తం నుండి గ్రౌజ్ కాల్చే భాగానికి కుదించారు. ఆ గీతకు ఆవల విషం పెడితే లైసెన్సును ఎలా నిలిపివేస్తారన్నది పక్షి పరిరక్షకుల ప్రశ్న.