మదనపల్లె నుండి కుప్పమునకు బైసికిలుపై

సెలవులలో మన విద్యార్థులు బైసికిళ్లపై దూరము పోవుట శ్లాఘనీయమే. కాని మదనపల్లె టమాటా అంగడికి వచ్చు లారీలతో పెద్దరస్తా ఆయాసకరముగా నుండును. స్పెయిన్ దేశమున 1993 మొదలు, రైళ్లు మానిన పాత యినుపదారులను బైసికిళ్లకును పాదచారులకును ప్రత్యేకించుచున్నారు. మనకట్టి సదుపాయము లేదు గనుక వేళనే యెన్నుకొనవలెను.

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది, వేకువగాలి చల్లన. అప్పుడు బయలుదేరినచో, పుంగనూరును ఎండ ముదురకమునుపే చేరవచ్చును. అచ్చటి పేరొందిన పొట్టి ఆవు సుమారు రెండు మూరల యెత్తే యుండును. మన బైసికిలు జీనుకంటెను పొట్టిదనవచ్చును!

పలమనేరు దాటి కుప్పము పోవు దారి వేరు సంగతి. అది కౌండిన్య అభయారణ్య ప్రాంతము. 1980 తరువాత పొరుగు రాష్ట్రముల యడవులనుండి ఏనుగు లిచ్చటికి వలస వచ్చినవి; 1990లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. ఏనుగు చప్పుడు లేక నడచును, బైసికిలును చప్పుడు లేక పోవును. మలుపులో రెండును హఠాత్తుగా ఎదురుపడుటయే అపాయము. సంధ్యవేళ అవి పొలములకు, చెరువులకు దిగును. కావున అడవిభాగమును పట్టపగలే, నలుగురు కూడి దాటవలెను. దారిలో పచ్చి లద్దెలు, అప్పుడే విరిగిన కొమ్మలు కనబడినచో వెనుకకు మరలి, దాటివచ్చిన గ్రామమున విచారింపుడు. ప్రొద్దు గ్రుంకుచున్నచో బైసికిలును బస్సుపై కెక్కించుకొని పోవుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఈ వ్యాసకర్తయు నట్లే చేసినాడు.