మందిరపు మెట్లు

పక్షవాయువుగలవానిని యేసు దగ్గరకు చేర్చడానికి కపెర్నహూములో నలుగురు ఇంటికప్పు విప్పవలసి వచ్చింది (మార్కు 2). అక్కడ అడ్డు జనం. మన దగ్గర మెట్లు.

వరద భయంతో పునాది ఎత్తుగా వేసుకునే నరసాపురం వంటి డెల్టా ఊళ్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాల్లో ప్రార్థనా స్థలాలను కూడా చేర్చింది. కాబట్టి బస్టాండును, రేవును అడిగే ముందు మన గుమ్మం చూసుకుందాం.

ర్యాంపుకు లెక్క ఉంది: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. రెండడుగుల అరుగుకు 24 అడుగులు. స్థలం చాలకపోతే మధ్యలో మలుపు తిప్పవచ్చు. నిటారుగా కడితే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు, గరుకు నేల తప్పనిసరి.

మోసుకొచ్చే నలుగురు లేనివారికి ఆదివారం ఇల్లే గతి. సంఘ పెద్దలారా, ఈసారి మరమ్మతుల పద్దులో రంగులకన్నా ముందు ర్యాంపు రాయండి.