శాండ్‌విచ్చూ, సినిమా బొమ్మా

మా పెదనాన్నగారు ముంబాయిలో ఒక సినిమా హాలులో ముప్ఫయ్యేళ్ళకు పైగా ఆపరేటరుగా పని చేశారు. ఆపరేటరంటే తెలుసునుగా? మనం హాలులో కూర్చున్నప్పుడు మన వెనక ఎత్తున ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఉండి తెరమీద బొమ్మ వేసే మనిషి. కొన్నేళ్ళ కిందట సినిమాలు ఫిలిం చుట్టలుగా రావటం మానేసి, అంకెల రూపంలో ఒక చిన్న పెట్టెలో రావటం మొదలుపెట్టాయి. అప్పుడు పెదనాన్నగారు పని మానుకున్నారు. ఆనాటి నుంచి ఆయన ఏ సినిమా హాలు గడపా తొక్కలేదు.

"అది సినిమా కాదురా! అందులో తిరిగేది ఒక్కటీ లేదు," అంటారాయన.

ఈమధ్య ఒక శనివారం, ఆదివారం కలిసి వస్తే మా అన్నయ్య పిల్లలిద్దరినీ వెంటపెట్టుకుని ముంబాయి వెళ్ళాను. పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నవాడు అయిదో తరగతి. వాళ్ళ కోరికలు రెండే. వీధిలో అమ్మే ముంబాయి శాండ్‌విచ్ తినాలి, పెద్ద తెరమీద సినిమా చూడాలి. నాకు మాత్రం మూడో కోరిక ఒకటి ఉన్నది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం శాండ్‌విచ్ కొట్టుకు పెదనాన్నగారే దారి చూపించారు. అది ఆయన పనిచేసిన హాలు పక్కసందులో ఉన్నది. కొట్టంటే గోడలూ, కప్పూ ఉన్నదనుకునేరు! నాలుగు కాళ్ళ బల్ల, దానిమీద రొట్టెల దొంతర, ఒక పొయ్యి, పైన గొడుగు. అంతే. కొట్టు యజమాని పెదనాన్నగారిని చూస్తూనే, "చాచా!" అంటూ లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఇతని తండ్రి ఈ బల్ల దగ్గర నిలబడేవాడట. రోజూ సాయంత్రం ఇతను పొట్లం పట్టుకుని ఇనపమెట్లెక్కి ఆపరేటరు గదికి వెళ్ళేవాడట.

అతను శాండ్‌విచ్ తయారు చేస్తుంటే పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. ముందు రెండు రొట్టెముక్కలకు అంచుల దాకా వెన్న రాశాడు. దానిమీద కొత్తిమీర, పచ్చిమిరపకాయల పచ్చడి. ఆపైన ఉడికించిన బంగాళాదుంప బిళ్ళలు, కీరాదోసకాయ, టమాటా, ఉల్లిపాయ, బీట్‌రూట్. ప్రతి వరస మీదా చిటికెడు మసాలా. ఇంకో రొట్టె మూతపెట్టి, పొడుగుపాటి చేతులున్న ఒక పట్టకారులో దాన్ని ఇరికించాడు. ఆ పట్టకారుకు రెండు లోహపు పలకలుంటాయి, కీలు బిగించి ఉంటుంది. దాన్ని నిప్పు సెగమీద ఇటు కొంతసేపు, అటు కొంతసేపు కాల్చాడు.

"ముందు వెన్నెందుకు? పచ్చడే రాయవచ్చు కదా?" అని అడిగింది పెద్దది.

మంచి ప్రశ్నే. పచ్చడిలో నీరున్నది. టమాటాలో, కీరాలో మరీ ఎక్కువ. రొట్టెనిండా సన్నని రంధ్రాలు. పిండిలో ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెర తిని, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆ బుడగలు ఉన్నచోటల్లా రొట్టె కాలినాక గుల్లగా మిగిలిపోతుంది. ఆ గుల్లలోకి నీరు చేరిందా, రొట్టె ముద్దయి చేతిలోనే విరిగిపోతుంది. వెన్నకూ నీటికీ పడదు గనక వెన్న మధ్యలో అడ్డుగోడగా నిలుస్తుంది. కొట్టతనికి ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. అయినా అంచులదాకా రాయటం మరిచిపోడు.

కాలిన రొట్టె వాసన సంగతి కూడా చెప్పాలి. నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుంది. రొట్టె పైన తడి ఉన్నంతసేపూ దాని వేడి అంతకు మించదు. తడి ఆవిరైపోయాక వేడి నూటనలభై డిగ్రీలకు అటూ ఇటూ చేరితే, పిండిలోని చక్కెరలూ, మాంసకృత్తుల ముక్కలూ కలిసి గోధుమరంగునూ, కమ్మని వాసననూ పుట్టిస్తాయి. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి మొదట రాశాడు. దోసె ఎర్రగా కాలినప్పుడు వచ్చే వాసన కూడా ఈ బాపతుదే.

శాండ్‌విచ్‌ను ఆరు ముక్కలు కోసి, కాగితం మీద పెట్టి ఇచ్చాడు. చిన్నవాడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని పచ్చిమిరపకాయ దెబ్బకు గిరగిరా తిరిగాడు. కాని రెండో ముక్క వదలలేదు.

"తాతయ్యా, రోజూ ఇదే తినేవాడివా? అన్నం ఉండేది కాదా?" అన్నాడు నీళ్ళు తాగుతూ.

"అన్నం కలిపితే చెయ్యి తడి అవుతుంది కదరా! తడిచేత్తో ఫిలిం ముట్టుకుంటే మరక పడుతుంది. చెయ్యి కడుక్కు వద్దామంటే మిషను వదిలిపోకూడదు. దీన్నయితే ఒక చేత్తో తినవచ్చు. కుడిచేతిలో ఇది, ఎడమచేతి కింద మీట!" అన్నారు పెదనాన్నగారు.

ఈ మాట వింటే నాకు ఒక ఇంగ్లీషు ప్రభువు జ్ఞాపకం వచ్చాడు. శాండ్‌విచ్ అనేది నిజానికి ఇంగ్లండులో ఒక ఊరి పేరు. జాన్ మాంటేగ్యూ అనే ఆయనకు ఆ ఊరి పేర "శాండ్‌విచ్ ప్రభువు" అనే బిరుదుండేది. ఆయన పలుమార్లు ఇంగ్లండు నౌకాశాఖకు అధిపతి అయ్యాడు. కెప్టెన్ కుక్ హవాయి దీవులకు మొదట పెట్టిన పేరు కూడా ఈయనదే. 1765లో లండను చూసిపోయిన గ్రోస్లే అనే ఫ్రెంచి రచయిత ఒక కథ రాశాడు. ఒక మంత్రి జూదపు బల్ల వదలలేక, రెండు రొట్టెల మధ్య మాంసం పెట్టించుకుని తింటూ ఒక పగలూ ఒక రాత్రీ ఆడాడట. ఆ మంత్రి ఈ ప్రభువేనని లోకం నమ్మింది. ఆయన చరిత్ర రాసినవారిలో ఒకరు మాత్రం, ఆయన అంతసేపు కదలకుండా కూర్చున్నది జూదపు బల్ల దగ్గర కాకపోవచ్చుననీ, కాగితాల బల్ల దగ్గరే అయి ఉండవచ్చుననీ అన్నారు. ఏమైతేనేం, 1762 నవంబరు 24న గిబ్బన్ అనే చరిత్రకారుడు తన దినచర్యలో ఈ తిండిని ఆ పేరుతోనే రాసుకున్నాడు. రెండు రొట్టెల మధ్య ఏదో ఒకటి పెట్టుకు తినటం అంతకు ముందు లేదని కాదు. పేరు మాత్రం పని వదిలి లేవలేని మనిషిది వచ్చింది.

ఆ రాత్రి పెదనాన్నగారింట్లో టెలివిజనులో ఒక పాత తెలుగు సినిమా పెట్టాం. కథ మంచి పట్టులో ఉన్నది. ఉన్నట్టుండి పెదనాన్నగారు, "ఇదుగో, కుడిపక్క పైమూల చూడండి!" అన్నారు. ఆ మూల ఒక చిన్న గుండ్రని చుక్క మెరిసి మాయమయింది. కొద్ది క్షణాలకు మళ్ళీ ఇంకో చుక్క. ఆ రెండో చుక్కకు ఆయన ఎడమచెయ్యి కుర్చీ మీద గభాలున పక్కకు జరిగింది!

ఆ చుక్కల రహస్యం ఇది. పెద్ద రీలులో రెండువేల అడుగుల ఫిలిం పడుతుంది. అది నిమిషానికి తొంభై అడుగుల చొప్పున నడుస్తుంది గనక, ఇరవై రెండు నిమిషాలకల్లా అయిపోతుంది. అందుకని గదిలో రెండు మిషన్లుంటాయి. ఒకదానిలో రీలు ముగియబోయే ఎనిమిది సెకండ్ల ముందు మొదటి చుక్క పడుతుంది. అప్పుడు రెండో మిషను తిప్పాలి. ఒక సెకండు మిగిలి ఉండగా రెండో చుక్క. అప్పుడు మీట లాగి ఇటు వెలుతురు మూసి, అటు వెలుతురు తెరవాలి. చుక్క తెరమీద ఉండేది సెకండులో ఆరోవంతు! రెప్పపాటు ఏమరితే తెర తెల్లబోతుంది.

"ఒక్కసారి తప్పాను," అన్నారు పెదనాన్నగారు. "చేరిన కొత్తలో. పొట్లం విప్పుకుంటున్నాను. హాలంతా ఈలలు, కేకలు. మర్నాటి నుంచీ చెయ్యి మీట మీదే ఉంచి తినటం మొదలుపెట్టాను."

ఆ రోజుల్లో దీపం కూడా ఒకపట్టాన మాట వినేది కాదు. రెండు బొగ్గుకడ్డీల మొనలు దగ్గరగా పెట్టి విద్యుత్తు పంపితే వాటి మధ్య కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుతురు పుడుతుంది. కడ్డీలు కాలి అరిగిపోతూ ఉంటాయి. వాటి ఎడం సరిచూస్తూ ఉండకపోతే బొమ్మ మసకబారుతుంది. తరవాత జీనాన్ దీపాలు వచ్చి ఈ బాధ తప్పింది.

ఫిలిం ముక్క ఒకటి పెదనాన్నగారి పెట్టెలో ఉన్నది. దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూపించారు. అన్నీ కదలని బొమ్మలే! ఒకదానికీ పక్కదానికీ తేడా కూడా కనిపించదు. ఇలాంటివి సెకండుకు ఇరవై నాలుగు తెరమీద పడతాయి. మూకీల కాలంలో పదహారుకు అటూ ఇటూ ఉండేవి. మాట వచ్చాక, ధ్వని సరిగా వినబడటానికి వేగం పెంచి ఇరవై నాలుగు దగ్గర స్థిరపరిచారు. మన మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. పెద్దది కాగితం తీసుకుని లెక్క వేసింది. మూడు గంటల సినిమాలో 2,59,200 బొమ్మలు! ఆ ఫిలిం పరిస్తే పదహారువేల రెండువందల అడుగులు, అంటే మూడుమైళ్ళ పైచిలుకు.

"ఇంకో సంగతి," అన్నారు పెదనాన్నగారు. "ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చేలోగా వెలుతురు కనబడితే అంతా అలికినట్టవుతుంది. అందుకని ఒక రెక్క తిరుగుతూ వెలుతురును అడ్డుకుంటుంది. బొమ్మ నిలిచి ఉన్నప్పుడు కూడా ఒకసారి అడ్డుకుంటుంది, మినుకుమినుకు తెలియకుండా. ఆ చీకటంతా కూడితే సగానికి సగం ఉంటుంది. మూడు గంటల సినిమా చూసి వస్తారే, అందులో గంటన్నర మీరు చూసింది వట్టి చీకటి!"

చిన్నవాడు ఇది నమ్మలేదు. మరి బొమ్మ కదిలినట్టు ఎందుకు కనిపిస్తుంది? కంటిలో ఒక బొమ్మ చెరగక ముందే ఇంకో బొమ్మ వచ్చి అతుక్కుంటుందని పాత పుస్తకాలలో రాసేవారు. అది పూర్తిగా సరి కాదని ఇప్పుడు తేలింది. చీకటి తెలియకపోవటానికి కన్ను కారణమే. కాని కదలికను కల్పించేది మాత్రం మెదడు. ఒక చోట ఉన్న వస్తువు మరుక్షణం కొంచెం పక్కన కనిపిస్తే, "ఇది జరిగింది" అని అదే తీర్మానించుకుంటుంది.

మీరూ చేసి చూడవచ్చు. గుండ్రని అట్టముక్క తీసుకోండి. ఒకవైపు పంజరం గీయండి. రెండోవైపు తలకిందులుగా చిలకను గీయండి. కుడి, ఎడమ అంచులకు దారాలు కట్టి మెలిపెట్టి లాగండి. చిలక పంజరంలో కూర్చుంటుంది. ఇది రెండు బొమ్మలను ఒకటిగా కలపటం. కదలిక కావాలంటే నోటుపుస్తకం మూలల్లో కొంచెం కొంచెం తేడాతో బంతి గీసి, పేజీలు గబగబా వదలండి. (లెక్కల పుస్తకంలో వద్దు.)

ఆదివారం పొద్దున కాలాఘోడా వెళ్ళాం. అక్కడ వాట్సన్ హోటలు ఉండిన పాత భవనం ఉన్నది. ఇనప భాగాలన్నీ ఇంగ్లండులో పోతపోసి ఓడలో తెచ్చి బిగించారు. ల్యూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్లు పెట్టి కదిలే బొమ్మలు చూపించారు. ఆరునెలలు దాటగానే, 1896 జులై 7న, ఆ బొమ్మలు ఈ హోటలులో పడ్డాయి. టిక్కెట్టు ఒక రూపాయి. స్టేషనులోకి రైలు రావటం, కార్ఖానా నుంచి పనివాళ్ళు బయటికి రావటం వంటి ఆరు చిన్న బొమ్మలు. ఒక్కొక్కటీ నిమిషమైనా లేదు.

"అప్పుడు మిషను చేత్తోనే తిప్పేవారు," అని పెదనాన్నగారు ఆ భవనంకేసి చాలాసేపు చూశారు. అదే అదనుగా నేను నా మూడో కోరిక బయటపెట్టాను. "పెదనాన్నా, సాయంత్రం ఆటకు మీరూ రండి!" ఆయన జవాబు చెప్పలేదు. పెద్దది వచ్చి చెయ్యి పట్టుకున్నది. "మీరు రాకపోతే చుక్క మాకెవరు చూపిస్తారు, తాతయ్యా?"

"ఇప్పుడు చుక్కలుండవే, పిచ్చిదానా," అన్నారు. కాని వచ్చారు.

హాలులో ఆపరేటరు కుర్రవాడు మంచివాడు. సంగతి తెలుసుకుని మమ్మల్ని గదిలోకి తీసుకుపోయాడు. చక్రాలు లేవు, చుట్టలు లేవు. బీరువా అంత పెట్టె ఒకటి నిలబడి ఉన్నది. అందులో గోరంత పలకమీద ఇరవై రెండు లక్షలకు పైగా బుల్లి అద్దాలున్నాయనీ, ఒక్కొక్క అద్దం వంగి లేస్తూ ఒక్కొక్క చుక్క వెలుతురును తెరకు పంపుతుందనీ అతను చెప్పాడు. పెదనాన్నగారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు.

"సెకండుకు ఎన్ని బొమ్మలు?" అని అడిగారు.

"ఇరవై నాలుగే."

"ఇరవై నాలుగేనా!"

"అదేం మారలేదండీ. మధ్యలో ఆ రెక్క చీకటి మాత్రం లేదు."

పెదనాన్నగారు కిందికి వచ్చి, ఆ గదికి సరిగ్గా కింద, చిట్టచివరి వరసలో కూర్చున్నారు. ఆట మొదలైంది. ఎంతసేపయిందో నేను చూసుకోలేదు. చిన్నవాడు నా చెవిలో, "బాబాయ్, తాతయ్య చెయ్యి చూడు," అన్నాడు. కుర్చీచేతిమీద ఆయన ఎడమచెయ్యి బిగించి ఉన్నది. కళ్ళు తెర కుడిమూలన ఉన్నాయి.

విశ్రాంతిలో దీపాలు వెలిగాక, "బొమ్మ బాగుంది. కాని మరీ నిలకడగా ఉందిరా. మాది కాస్త ఊగేది," అన్నారు.

తిరిగి వస్తూ మళ్ళీ ఆ కొట్టు దగ్గర ఆగాం. పెదనాన్నగారు బల్లమీద తీరిగ్గా కూర్చుని, శాండ్‌విచ్ రెండు చేతులా పట్టుకుని తిన్నారు. మసాలా తగ్గిందని కొట్టతనితో పోట్లాడారు. మీ నాన్న వేసినంత వేస్తే ఇప్పుడు మీకే పడదని అతను వాదించాడు. పెద్దమ్మకు ఒకటి కట్టించుకుని, పచ్చడి మాత్రం విడిగా పొట్లంలో పెట్టించుకుని రైలెక్కాం.